బిల్డింగ్ డిజైన్‌లో మెకానికల్ ఇంజినీరు: తరచుగా అడిగే ప్రశ్నలు

బిల్డింగ్ అంటే సివిల్ వాళ్ల పని కదా, మెకానికల్ ఇంజినీరుకి అక్కడ పనేముంటుంది?

ఏసీ, వెంటిలేషన్ పూర్తిగా మెకానికల్ వాళ్లవే. చాలా ఆఫీసుల్లో ప్లంబింగ్, ఫైర్ ఫైటింగ్ కూడా వాళ్ల చేతికే వస్తాయి. ఎలక్ట్రికల్‌తో కలిపి ఈ మొత్తాన్ని ఎంఈపీ (మెకానికల్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్) అంటారు. ఎంత వేడి తీయాలి, ఎంత గాలి పంపాలి, ఆ గాలి ఏ దారిన వెళ్లాలి, మెషీన్లు ఎక్కడ పెట్టాలి, వాటి బరువెంత, కరెంటు ఎంత లాగుతాయి, రేపు రిపేరుకి మనిషి ఎలా చేరుకుంటాడు అనేవన్నీ డ్రాయింగులో తేల్చాలి. బరువు స్ట్రక్చరల్ ఇంజినీరుకి, కిలోవాట్లు ఎలక్ట్రికల్ ఇంజినీరుకి, కావలసిన చోటు ఆర్కిటెక్టుకి మీరే చెప్పాలి. చెప్పడం ఆలస్యమైతే ఈలోగా స్లాబు వేసేస్తారు, ఆ తర్వాత మిగిలేది కోర్ కటింగే, అంటే గట్టిపడిన కాంక్రీటుకి రంధ్రం కొట్టడమే.

ప్రాజెక్టు మొదటి నుంచి చివరి దాకా ఏమేం చేయాలి?

మొదట కాన్సెప్ట్. ఈ దశలో సుమారు టన్నేజీ (ఎన్ని టన్నుల ఏసీ కావాలన్నది), ప్లాంటు రూము సైజు, షాఫ్టుల (పైపులు, గాలి డక్టులు అంతస్తుల మధ్య నిలువుగా వెళ్లే దారుల) సైజు ఇస్తే చాలు. కానీ ఇక్కడ షాఫ్టు చిన్నదిగా ఇస్తే చివరి దాకా ఏడవాలి. తర్వాత డీబీఆర్, అంటే ఏ ఉష్ణోగ్రత, ఎంతమంది, ఎంత తాజా గాలి, ఏ కోడ్ అన్నది రాసి క్లయింటు చేత సంతకం పెట్టించుకునే కాగితం. ఆ తర్వాత లోడ్ లెక్క (ఎంత వేడి తీయాలన్నది), స్కీమాటిక్, టెండర్ డ్రాయింగులు, బీఓక్యూ (సామాన్ల పరిమాణాల పట్టిక), స్పెసిఫికేషన్. కాంట్రాక్టరు వచ్చాక జీఎఫ్‌సీ డ్రాయింగులు, అంటే కట్టడానికి ఖరారైనవి ఇవ్వాలి, వాళ్లు తయారీకి, బిగింపుకి గీసి పంపే షాప్ డ్రాయింగులు చూడాలి, సైటు నుంచి వచ్చే ఆర్‌ఎఫ్‌ఐలకు (సందేహాలకు) జవాబివ్వాలి. చివర్లో టెస్టింగ్, బ్యాలెన్సింగ్ (ప్రతి చోటికి లెక్క ప్రకారం గాలి, నీళ్లు వెళ్లేలా సరిచేయడం).

కొత్తగా చేరినవాళ్లు డీబీఆర్‌ని కాపీ పేస్టు కాగితంలా చూస్తారు. రెండేళ్ల తర్వాత "చల్లగా లేదు" అని క్లయింటు ఫోన్ చేసినప్పుడు అందరూ తెరిచేది దాన్నే. 60 మంది అని రాసుకున్న హాల్లో 110 మందిని కూర్చోబెట్టారని రుజువు చేసేది ఆ ఒక్క లైనే.

చదరపు అడుగులతో భాగించి టన్నేజీ చెప్పేయవచ్చు కదా, ఇంత లెక్క దేనికి?

కాన్సెప్ట్ దశలో చెప్పవచ్చు. 150 నుంచి 250 చదరపు అడుగులకు ఒక టన్ను అన్న ఆఫీసుల బండ లెక్క అందరికీ తెలిసిందే. అసలు లెక్క చేతికొచ్చాక పెద్ద తప్పు దొర్లిందేమో చూసుకోవడానికి కూడా అది పనికొస్తుంది. దాన్నే నమ్ముకుంటే మాత్రం కాన్ఫరెన్స్ రూముల్లో దెబ్బతింటారు.

హైదరాబాద్‌లో 600 చదరపు అడుగుల కాన్ఫరెన్స్ రూము తీసుకుందాం. బయటి గోడ లేదు, 20 మంది కూర్చుంటారు. మనిషికి గంటకు 250 బీటీయూ (వేడిని కొలిచే యూనిట్) సెన్సిబుల్, అంటే ఉష్ణోగ్రత పెంచే వేడి, 200 లేటెంట్, అంటే తేమతో వచ్చే వేడి అనుకుంటే 5,000, 4,000 అవుతాయి. లైట్లు చదరపు అడుగుకి 0.8 వాట్ చొప్పున 480 వాట్లు, అంటే 1,640 బీటీయూ. లాప్‌టాప్‌లు, తెర కలిపి 1,300 వాట్లు, అంటే 4,440. సెన్సిబుల్ మొత్తం దాదాపు 11,080. లేటెంట్ కలిపితే 15,080, ఒక టన్నుకి 12,000 చొప్పున 1.26 టన్నులు.

దీని మీద తాజా గాలి. ఆష్రే (అమెరికాలోని ఏసీ ఇంజినీర్ల సంఘం) ప్రమాణం 62.1 ప్రకారం మనిషికి 5 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపు అడుగులు), చదరపు అడుగుకి 0.06 చొప్పున 100, 36 కలిపి 136 సీఎఫ్‌ఎం. మే నెలలో బయట 40 డిగ్రీలు, లోపల 24 అనుకుంటే తేడా 29 ఫారెన్‌హీట్ డిగ్రీలు. సెన్సిబుల్ సూత్రంలో అందరూ 1.08 వాడతారు, కానీ అది సముద్ర మట్టానికి. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి సాంద్రత దాదాపు 6 శాతం తక్కువ. అందుకే 1.02 వాడాలి. 1.02, 136, 29 గుణిస్తే 4,000 బీటీయూ. విశాఖలో ఇదే రూముకి ఈ సవరణ అక్కర్లేదు.

ఇప్పుడు జులై చూడండి. బయట 30 డిగ్రీలే, కానీ డ్యూ పాయింటు, అంటే గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత, 23. సెన్సిబుల్ 1,500కి పడిపోతుంది. తేమ తీయడానికి మాత్రం దాదాపు 5,000 పడుతుంది. కలిపితే 6,500, మే నెల కంటే సగానికి పైగా ఎక్కువ. ఎండాకాలం లెక్క ఒక్కటే చేసి ఊరుకున్న డిజైన్లలో వానాకాలం రాగానే రూము చల్లగానే ఉన్నా జిగట జిగటగా ఎందుకుంటుందో ఈ అంకెల్లో ఉంది. తాజా గాలి ఎక్కువ తీసుకునే చోట మే, జులై రెండూ లెక్క వేయాలి.

రూములోకి పంపాల్సిన గాలి సెన్సిబుల్ మీద వస్తుంది: 11,080ని 1.02తోను, గది గాలికి, పంపే చల్లగాలికి మధ్య 20 ఫారెన్‌హీట్ డిగ్రీల తేడాతోను భాగిస్తే 543 సీఎఫ్‌ఎం. టన్నుకి 400 అన్న బండ లెక్క 504 చెబుతుంది. దగ్గరగానే ఉంది కాబట్టి నమ్మవచ్చు. 900 వస్తే మాత్రం ఎక్కడో యూనిట్లు కలిసిపోయాయన్నమాట.

ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుంది?

డ్రాయింగుకి ఆటోకాడ్, రెవిట్. లోడ్‌కి హ్యాప్. అన్నిటినీ కలిపి ఢీకొంటున్నాయేమో చూడటానికి నావిస్‌వర్క్స్. వీటిలో హైదరాబాద్ అమీర్‌పేటలో దొరకని కోచింగ్ లేదు. కానీ హ్యాప్‌లో అంకెలు నింపే ముందు ఒక్క రూమైనా చేత్తో, ఈ-20 షీటు (లోడ్ లెక్క వేసే ఫారం) మీద లెక్కించి చూడండి. హ్యాప్ ఏ అంకె ఇచ్చినా నమ్మేవాళ్లు గాజు గుణకాన్ని తప్పు వరసలో నింపి, 40 టన్నులు రావాల్సిన చోట 70 వచ్చినా ప్రింటు తీసి పంపేస్తారు.

ఫాల్స్ సీలింగ్ ఎత్తు దగ్గర ఆర్కిటెక్టుతో ఎప్పుడూ గొడవే. లెక్క ఎలా చూపించాలి?

మాటలతో కాదు, సెక్షన్ గీసి చూపించండి. స్లాబు నుంచి స్లాబుకి 3.9 మీటర్లు, బీము 600 మిల్లీమీటర్లు. బీము కింద మిగిలింది 3.3 మీటర్లు. సీలింగ్ 2.7 కావాలంటున్నారు. అంటే చేతిలో ఉన్నది 600 మిల్లీమీటర్లు.

అందులో డక్టు లోతు 400 అనుకుందాం. ఇన్సులేషన్ పైన 25, కింద 25. సపోర్టు యాంగిల్‌కి, ఫ్లాంజికి 50. మొత్తం 500. సీలింగ్ ఫ్రేముకి, లైటుకి 100. అయిపోయింది. స్ప్రింక్లర్ పైపు, కేబుల్ ట్రే, డ్రెయిన్ పైపు ఎక్కడికి పోవాలి? రెండు డక్టులు ఒకదాన్ని ఒకటి దాటాల్సి వస్తే లెక్క మొదటికే మోసం.

అందుకని డక్టుని పల్చగా, వెడల్పుగా చేస్తారు. 2,000 సీఎఫ్‌ఎం గాలికి నిమిషానికి 1,200 అడుగుల వేగం అనుకుంటే 500 బై 300 వస్తుంది. 250 లోతుకి దించితే వెడల్పు 600 దాటుతుంది, రేకు ఎక్కువ పడుతుంది, రాపిడి పెరుగుతుంది. వెడల్పు లోతుకి నాలుగు రెట్లు మించనివ్వకండి. అది మించితే డక్టు మధ్యలో కుంగి, ఫ్యాన్ ఆన్ చేసినప్పుడల్లా డబ్బా కొట్టినట్టు మోగుతుంది.

అన్నిటికన్నా మొండిది డ్రెయిన్ పైపు. డక్టుని వంచవచ్చు, కేబుల్ ట్రేని ఎగరేయవచ్చు, నీళ్లకు మాత్రం వాలు కావాల్సిందే. నూటికి ఒకటి వాలు అంటే 10 మీటర్ల పైపు 100 మిల్లీమీటర్లు దిగుతుంది. కోఆర్డినేషన్‌లో ముందు డ్రెయిన్ వేసి, ఆ తర్వాత పెద్ద డక్టులు, ఆ తర్వాత మిగతావి వేస్తే పోట్లాట సగం తగ్గుతుంది.

ఇంకొకటి. ఎఫ్‌సీయూ (సీలింగ్‌లో దాగే ఫ్యాన్, కాయిల్ ఉన్న చిన్న యూనిట్) కింద 600 బై 600 ట్రాప్ డోరు చూపించి ఊరుకుంటారు. దాని సరిగ్గా పైన కేబుల్ ట్రే వెళ్తుంటే తలుపు ఉండీ లాభం లేదు. ఫిల్టరు బయటికి లాగే వైపు, వాల్వు హ్యాండిల్ తిరిగే వైపు డ్రాయింగులో గళ్లు కొట్టి "ఖాళీగా ఉంచాలి" అని రాయండి. ఏహెచ్‌యూ (గాలిని చల్లబరిచి డక్టుల్లోకి పంపే పెద్ద యూనిట్) రూములో కాయిల్ బయటికి లాగడానికి కాయిల్ పొడవంత చోటు ఎదురుగా వదలాలి.

సీలింగ్ నుంచి నీళ్లు కారుతుంటే తప్పు డిజైన్‌దా, పనిదా?

ముందు ఎక్కడి నీళ్లో తేల్చాలి. అందరూ ఇన్సులేషన్‌నే అనుమానిస్తారు. సాధారణంగా మూడు కారణాలు.

ఒకటి, ట్రాప్, అంటే డ్రెయిన్ పైపులో నీళ్లు నిలిచి గాలిని అడ్డుకునే వంపు. ఏహెచ్‌యూలో ఫ్యాన్ కాయిల్ తర్వాత ఉంటే, డ్రెయిన్ పాన్ దగ్గర గాలి లోపలికి పీల్చుకుంటుంది. ట్రాప్ లేకపోతే ఆ పీల్పు పైపులోంచి గాలిని లాగి, నీళ్లను కిందికి దిగనివ్వదు. పాన్ నిండి పొర్లుతుంది. గుర్తుపట్టడం తేలిక: ఫ్యాన్ ఆపగానే డ్రెయిన్ పైపులోంచి ఒక్కసారిగా నీళ్లు దూకితే ట్రాప్ లేదు, లేదా చాలలేదు. లెక్క ఇది: పాన్ దగ్గర నెగటివ్ ప్రెషర్ 50 మిల్లీమీటర్ల నీటి మట్టమైతే, పాన్ అవుట్‌లెట్ నుంచి ట్రాప్ అవుట్‌లెట్‌కి దానికి 25 కలిపి 75 మిల్లీమీటర్ల దిగుడు ఉండాలి. నీటి సీలు అందులో సగం, సుమారు 40. ఏహెచ్‌యూని 100 మిల్లీమీటర్ల దిమ్మె మీద పెడితే ట్రాప్‌కి చోటే ఉండదు. దిమ్మె ఎత్తు సివిల్ డ్రాయింగులోకి వెళ్లాల్సిన అంకె కాబట్టి ఇది డిజైనరు తప్పే అవుతుంది.

రెండు, వాలు. పైన చెప్పిందే. సైటులో ఏదో బీము అడ్డొచ్చి పైపుని ఎత్తి దించి ఉంటారు.

మూడు, సపోర్టు. చిల్డ్ వాటర్ పైపు (ఏసీ కాయిల్‌కి చల్లటి నీళ్లు తెచ్చేది) 7 డిగ్రీల్లో ఉంటుంది. జులైలో సీలింగ్ పైన గాలి డ్యూ పాయింటు 23 దాకా వెళ్తుంది. క్లాంపు నేరుగా ఇనుప పైపుని పట్టుకుంటే ఆ చల్లదనం హ్యాంగర్ రాడ్డు దాకా పాకి, అక్కడ చెమట పట్టి చుక్కలు పడతాయి. క్లాంపుకి, పైపుకి మధ్య పఫ్ (గట్టి ఫోమ్) దిమ్మె లేదా నూనె పట్టించిన కర్ర దిమ్మె ఉండాలి. ఇన్సులేషన్ తెగకుండా దాని మీదుగా సాగాలి. చుక్కలు వరసగా రెండు మూడు మీటర్లకొకచోట పడుతుంటే కారణం ఇదే.

చిల్లర్ పెట్టాలా, వీఆర్‌ఎఫ్ పెట్టాలా?

చిన్న ఆఫీసులు, వేర్వేరు యజమానులు, వేర్వేరు పని వేళలు ఉంటే వీఆర్‌ఎఫ్, అంటే ఒక బయటి యూనిట్ నుంచి చాలా గదులకు రిఫ్రిజిరెంట్ గ్యాసు వెళ్లే ఏసీ, బాగా నప్పుతుంది. వందల టన్నులు, రోజంతా నడక ఉంటే బిల్డింగ్‌కి చల్లటి నీళ్లు తయారుచేసే చిల్లర్, అందులోనూ నీటితో చల్లబరిచేది, కరెంటు ఆదా చేస్తుంది. ఈ మాట అందరూ చెబుతారు. చెప్పకుండా వదిలేసేవి రెండున్నాయి.

చిల్లర్‌కి నీళ్లు. కూలింగ్ టవర్‌లో టన్నుకి గంటకు సుమారు 7 లీటర్లు ఆవిరవుతాయి, బ్లోడౌన్ (ఉప్పు పేరుకోకుండా బయటికి వదిలే నీరు) కలిపితే 10 అనుకోండి. 500 టన్నుల ప్లాంటు సగటున 70 శాతం లోడ్‌తో 10 గంటలు నడిస్తే రోజుకి 35,000 లీటర్లు. బోరు ఎండిపోయే ప్రాంతంలో అంటే 10,000 లీటర్ల ట్యాంకర్లు మూడున్నర. ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నీటిని ఇంకా శుద్ధి చేసి వాడే ఏర్పాటు లేకపోతే, కరెంటులో మిగిలింది ట్యాంకర్ల వాళ్లకు పోతుంది. అప్పుడు ఎయిర్ కూల్డ్ (గాలితో చల్లబరిచే) చిల్లరే మేలు.

వీఆర్‌ఎఫ్‌కి రిఫ్రిజిరెంట్. పైపు ఎక్కడైనా పగిలితే సిస్టమ్‌లో ఉన్న గ్యాసంతా ఒకే రూములోకి వచ్చేయవచ్చు. ఆర్-410ఏ అనే గ్యాసుకి ఆష్రే 34 ఇచ్చిన పరిమితి క్యూబిక్ మీటరుకి 420 గ్రాములు. 3 మీటర్ల బై 3 మీటర్ల గది, ఎత్తు 2.7: 24 క్యూబిక్ మీటర్లు, అంటే 10 కిలోలు. ఆ లైనులో గ్యాసు 15 కిలోలుంటే ఆ చిన్న గదిని ఆ సిస్టమ్‌కి కలపకూడదు. సిస్టమ్‌ని రెండుగా విడగొట్టాలి. లేదా ఆ గదికి వేరే యూనిట్ పెట్టాలి. ఆర్-32 అయితే కొద్దిగా మండే స్వభావం కూడా ఉంది కాబట్టి పరిమితులు ఇంకా బిగుస్తాయి.

ప్రతి చోటా 10 శాతం సేఫ్టీ కలపడం మంచిదే కదా?

ఒక్కచోట కలిపితే మంచిదే. లోడ్‌లో 10, ఫ్లోలో 10, హెడ్‌లో (పంపు నీళ్లకు ఇవ్వాల్సిన ఒత్తిడిలో) 10, వెండరు తన వంతు ఇంకో 10 కలిపితే మొత్తం 46 శాతం అవుతుంది. 500 టన్నులకు 1,200 జీపీఎం (నిమిషానికి గ్యాలన్లు), హెడ్ 80 అడుగులు, పంపు సామర్థ్యం 75 శాతం అయితే 32 హార్స్‌పవర్ కావాలి. భయంతో హెడ్ 110 చేస్తే 44 అవుతుంది. తర్వాత సైటులో ఎక్కువైన ఫ్లోని తగ్గించడానికి వాల్వు సగం మూసి, బిల్డింగ్ ఉన్నన్నాళ్లూ ఆ కరెంటుని అక్కడే తగలేస్తారు. మార్జిన్ ఎక్కడ, ఎంత కలిపారో డీబీఆర్‌లో ఒకే చోట రాసి, మిగతా చోట్ల సున్నా పెట్టండి.

బేస్‌మెంటు వెంటిలేషన్, మెట్ల ప్రెషరైజేషన్‌లో ఫైర్ వాళ్లు ఏం చూస్తారు?

నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం పార్కింగ్ బేస్‌మెంటుకి మామూలు రోజుల్లో గంటకు 6 సార్లు, మంటలప్పుడు 12 సార్లు గాలి మారాలి. పొగ లాగే ఫ్యాన్లు 250 డిగ్రీల వేడిని రెండు గంటలు తట్టుకోవాలి. 3,000 చదరపు మీటర్లు, ఎత్తు 3 మీటర్లు అయితే గంటకు 1,08,000 క్యూబిక్ మీటర్లు, దాదాపు 63,500 సీఎఫ్‌ఎం. నిమిషానికి 1,500 అడుగుల వేగం పెట్టుకున్నా 42 చదరపు అడుగుల షాఫ్టు కావాలి. కాన్సెప్ట్ దశలో షాఫ్టు గురించి గొంతు చించుకునేది ఇందుకే.

మంటలప్పుడు పొగ రాకుండా గాలి పంపి మెట్ల దగ్గర 50 పాస్కల్స్ ఒత్తిడి నిలపాలి. మీటరు వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు తలుపు మీద అది 105 న్యూటన్లు. హ్యాండిల్ దగ్గర అందులో సగం, పైన డోర్ క్లోజర్ బలం. రిలీఫ్ డ్యాంపరు గాని, ప్రెషర్ సెన్సారుతో వేగం తగ్గే ఫ్యాన్ గాని లేకపోతే అన్ని తలుపులూ మూసి ఉన్నప్పుడు ఒత్తిడి 100 దాటుతుంది. ఆ తలుపుని ముసలివాళ్లు, పిల్లలు తెరవలేరు. కమిషనింగ్‌లో ప్రెషర్ చూసి వదిలేయకుండా, తలుపుని చేత్తో తెరిచి చూడండి.

వాస్తు మన డిజైన్‌ని ఎంతవరకు మారుస్తుంది?

బాగానే మారుస్తుంది. సంపు ఈశాన్యంలో, ఓవర్‌హెడ్ ట్యాంకు నైరుతిలో, వంటగది ఆగ్నేయంలో కావాలంటారు. సంపు పక్కనే పంప్ రూము కాబట్టి అదీ ఈశాన్యానికే పోతుంది, నీళ్లను పైకి తీసుకెళ్లే రైజరు పైపు బిల్డింగ్ అంతా అడ్డంగా దాటాలి. వాదించి లాభం లేదు. మొదటి మీటింగులోనే అడిగి రాసుకుంటే, మూడో రివిజన్‌లో షాఫ్టు మార్చే పని తప్పుతుంది.

కొత్త పద్ధతులు మన వాతావరణంలో నడుస్తాయా?

నడుస్తాయి, తేమని ముందుగా దారికి తెస్తే. హైదరాబాద్ దగ్గర పోచారంలోని ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో ఒకే బిల్డింగ్‌ని రెండు సగాలు చేసి, ఒక వైపు మామూలు వీఏవీ (అవసరాన్ని బట్టి గాలి పరిమాణం మార్చే ఏసీ), ఇంకో వైపు స్లాబులో చల్లటి నీళ్లు పారించే రేడియంట్ కూలింగ్ పెట్టి పోల్చారు. రేడియంట్ వైపు ఏసీ కరెంటు దాదాపు మూడో వంతు తక్కువ పట్టింది. అక్కడి కిటుకు స్లాబు ఉపరితలాన్ని డ్యూ పాయింటు కంటే పైన ఉంచడం, తాజా గాలిని వేరే యూనిట్‌లో ఎండబెట్టి పంపడం. తలుపులు ఎప్పుడూ తెరిచి ఉండే షాపులో అదే పెడితే సీలింగ్ వర్షిస్తుంది.

లైసెన్సు కావాలా? గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లాలంటే?

మన దేశంలో మెకానికల్ డిజైనరుకి అమెరికాలోలాంటి చట్టబద్ధమైన లైసెన్సు పరీక్ష లేదు. ఇష్రే (మన దేశంలోని ఏసీ ఇంజినీర్ల సంఘం), ఆష్రే సభ్యత్వాలు, ఐజీబీసీ ఏపీ (గ్రీన్ బిల్డింగ్ పరీక్ష) లాంటివి బయోడేటాకి బలమే గాని సంతకం హక్కు ఇవ్వవు. అమెరికాలో మొదట ఎఫ్‌ఈ (ప్రాథమిక పరీక్ష), కొన్నేళ్ల అనుభవం, ఆపై పీఈ (ప్రొఫెషనల్ ఇంజినీరు పరీక్ష). అందులో హెచ్‌వీఏసీకి (హీటింగ్, వెంటిలేషన్, ఏసీ) వేరే పేపరుంది. హైదరాబాద్ ఆఫీసులో గీసిన అమెరికా డ్రాయింగుల మీద స్టాంపు వేసేది అక్కడి పీఈనే.

ఖతార్‌లో యూపీడీఏ అనే ఇంజినీర్ల పరీక్ష, సౌదీలో కౌన్సిల్ ఆఫ్ ఇంజినీర్స్ నమోదు కావాలి. కువైట్‌లో మీ కాలేజీ కోర్సుకి ఎన్‌బీఏ (మన దేశంలో టెక్నికల్ కోర్సులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉందా అని చూస్తారు. ఈ విషయం బీటెక్‌లో చేరేముందే తెలుసుకోవడం మంచిది. దుబాయ్‌లో చాలా బిల్డింగులకు సొంత చిల్లర్ ఉండదు, డిస్ట్రిక్ట్ కూలింగ్, అంటే ఆ ప్రాంతమంతటికీ ఉన్న ఒకే ప్లాంటు నుంచి చల్లటి నీళ్లు వస్తాయి. మీరు చూసేది హీట్ ఎక్స్‌ఛేంజర్ రూము. అక్కడ నీళ్లు సరిపడా వేడెక్కకుండా తిరిగి వెళ్తే దండన పడుతుంది.

డిప్లొమా చేసినవాళ్లకి అవకాశముందా?

ఉంది. డ్రాఫ్టింగ్, షాప్ డ్రాయింగుల్లో వాళ్లే ముందుంటారు. ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరి డిజైన్ వైపు వచ్చినవాళ్లు కూడా చాలామంది.

ఇంటర్వ్యూలో ఏమడుగుతారు?

కళ్లు మూసుకుని చెప్పాల్సినవి: టన్ను అంటే 12,000 బీటీయూ, 3.517 కిలోవాట్లు, 10 ఫారెన్‌హీట్ తేడాకి టన్నుకి 2.4 జీపీఎం, డ్రై బల్బు, వెట్ బల్బు ఇస్తే సైక్రోమెట్రిక్ చార్టు (గాలి ఉష్ణోగ్రత, తేమల పటం) మీద చుక్క పెట్టడం. 24 గేజి రేకు అంటే 0.63 మిల్లీమీటర్లని సైటు అనుభవం ఉన్నవాళ్లను తప్పక అడుగుతారు.

ఎక్కువమంది తప్పేది ఈ ప్రశ్న దగ్గర: "12 అంతస్తుల బిల్డింగ్, ఎత్తు 45 మీటర్లు. కింద చిల్లర్, పైన ఏహెచ్‌యూ. చిల్డ్ వాటర్ పంపు హెడ్‌లో 45 మీటర్లు కలుపుతారా?" కలపకూడదు. అది మూసిన లూపు. పైకి ఎక్కే నీటి బరువుని కిందికి దిగే నీరు సరిచేస్తుంది. పైపు, ఫిట్టింగులు, కాయిల్, చిల్లర్, వాల్వుల రాపిడి మాత్రమే లెక్క. ఇంతవరకు చెప్పినవాళ్లు పాసే. "అయినా ఆ 45 మీటర్లు ఎక్కడో ఒకచోట లెక్కలోకి రావాలి కదా?" అన్నది రెండో ప్రశ్న. వస్తుంది: అడుగున ఉన్న చిల్లర్, వాల్వులు, ఫ్లాంజిల మీద పంపు ఆగి ఉన్నా సుమారు 4.5 బార్ నిలబడి ఉంటుంది. పంపు ఒత్తిడి దానిమీద కలుస్తుంది. వాటి ప్రెషర్ రేటింగు ఎంచుకునేది ఆ మొత్తానికి.